నలభై వేల పిక్సెళ్ళ కెమెరా: టైటాన్ ఫోటోలపై ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్ రివ్యూ

రాజమండ్రిలో నేను స్టూడియో పెట్టి ఇరవై ఏడేళ్ళయింది. ఈలోగా నా చేతిలో పదకొండు కెమెరాలు మారాయి. కొత్తది కొన్నప్పుడల్లా తోటి ఫోటోగ్రాఫర్లు "ఎలా ఉందన్నా, తీసుకోవచ్చా?" అని ఫోన్ చేస్తారు. ఒక సీజన్ వాడి చూశాక చెబుతాను. ఈసారి రాస్తున్నది మాత్రం ఎవరికీ దొరకని కెమెరా గురించి. అది పని చేసింది ఒక్క రోజే. ఇప్పుడు శనిగ్రహపు చందమామ టైటాన్ నేల మీద, మైనస్ 179 డిగ్రీల చలిలో పడి ఉంది. దాని పేరు డిసెంట్ ఇమేజర్ స్పెక్ట్రల్ రేడియోమీటర్, పొట్టిగా డీఐఎస్ఆర్. హైగెన్స్ అనే ల్యాండర్‌కి బిగించి పంపారు.

దాన్ని నేను చేత్తో పట్టుకున్నది లేదు. అది తీసిన ఫైళ్ళు మాత్రం ఎవరైనా ఉచితంగా దింపుకునేలా పెట్టారు. వాటిని దింపుకుని, ప్రింట్లు వేసి, రెండు నెలలుగా స్టూడియోలో టేబుల్ మీద పెట్టుకుని చూస్తున్నాను. ఏ కెమెరా సంగతైనా చివరికి తేలేది అది తీసిన ఫోటోలోనే కదా.

అది దిగిన రోజు 2005 జనవరి 14, మనకు సంక్రాంతి. ధనుర్మాసమంతా పెళ్ళిళ్ళు లేక స్టూడియో ఖాళీగా ఉంది. కొత్తగా కొన్న నికాన్ డి70 తీసుకుని వీధిలో ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసునీ ఫోటోలు తీసుకుంటూ తిరిగాను. మన గడియారంలో సాయంత్రం ఐదూ పది ప్రాంతంలో హైగెన్స్ టైటాన్ నేలను తాకింది. ఆ కబురు భూమికి రావడానికి ఇంకో గంటా ఏడు నిమిషాలు పట్టింది. ఇవేవీ నాకప్పుడు తెలియవు. పండగ వెళ్ళాక పేపర్లో నారింజ రంగు బొమ్మ ఒకటి చూశాను, నేల మీద గుండ్రాళ్ళు. ఆ ముక్క కత్తిరించి బిల్లు పుస్తకంలో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ముందు స్పెసిఫికేషన్లు చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. ఇందులో లెన్సులు మూడు. ఒకటి దాదాపు తిన్నగా కిందికి చూస్తుంది, రెండోది కాస్త ఏటవాలుగా, మూడోది పక్కకి, ఆకాశం నేల కలిసే గీత దాకా. మూడింటికీ సెన్సర్ మాత్రం ఒక్కటే. మూడు లెన్సుల బొమ్మల్నీ గాజు పోగుల కట్టలతో ఆ ఒక్క సెన్సర్ మీదికి తెచ్చారు. కిందికి చూసే లెన్సు బొమ్మ సైజు 160 అడ్డం, 254 నిలువు. అంటే నలభై వేల పిక్సెళ్ళు. ఆ పండక్కి నా చేతిలో ఉన్న డి70కి అరవై లక్షలు. దాదాపు నూట యాభయ్యో వంతు! పైగా బ్లాక్ అండ్ వైట్.

నేనూ మొదట ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. తర్వాత ఇంకో అంకె చూశాను. హైగెన్స్ నుంచి పైన తిరిగే కసీని వ్యోమనౌకకి డేటా వెళ్ళే వేగం ఒక్కో ఛానల్‌లో సెకనుకు 8 కిలోబిట్లు. ఆ దారినే ఆరు పరికరాలు పంచుకోవాలి. నలభై వేల పిక్సెళ్ళ ఒక్క ఫోటోని కుదించకుండా పంపితే, ఛానల్ మొత్తం దానికే ఇచ్చినా నలభై సెకన్లు పడుతుంది. పారాచూట్ మీద దిగడానికి ఉన్నది రెండున్నర గంటల లోపు సమయం. పెద్ద సెన్సర్ పెట్టి ఉంటే నాలుగు గొప్ప ఫోటోలు వచ్చేవేమో, దిగుతున్న దారంతా మాత్రం చూసేవాళ్ళం కాదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో మార్టిన్ టొమాస్కో నాయకత్వంలోని బృందం ఈ లెక్క చూసుకునే ఆ సైజు ఎంచుకుంది. ఇది తక్కువ రకం కెమెరా అని ఇప్పుడు నేను అనలేను. ఉన్న దారికి సరిపడా బండి కట్టారు.

ఇక వెలుతురు. శనిగ్రహం దగ్గర ఎండ మనకు పడే దానిలో నూరో వంతు. టైటాన్ చుట్టూ దట్టమైన నారింజ రంగు పొగమంచు ఉంటుంది కాబట్టి నేల దాకా చేరేది ఇంకా తక్కువ, మన మధ్యాహ్నపు వెలుగులో సుమారు వెయ్యో వంతు. సూర్యుడు కుంకాక పది నిమిషాలకు గోదావరి గట్టు మీద ఎలా ఉంటుందో అలా అనుకోండి. ఆ వెలుతురులో, ఊగుతూ తిరుగుతూ కిందికి పడుతున్న పెట్టె లోంచి, ట్రైపాడ్ లేకుండా, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయాలి. పెళ్ళి ఊరేగింపులో జనరేటర్ ఆగిపోయినప్పుడు కారు టాప్ మీద నిలబడి ఫోటోలు తీసినవాళ్ళకి ఆ కష్టం అర్థమవుతుంది.

పొగమంచు కోసం వాళ్ళు చేసింది నాకు చాలా నచ్చింది. మా గురువుగారు ఫిల్మ్ రోజుల్లో పాపికొండల ఫోటోలకి లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టేవారు. దూరపు కొండల మీది మసక తగ్గి, వాటి అంచులు తేలేవి. టైటాన్ కెమెరా కూడా ఎరుపు నుంచి కంటికి కనిపించని పరారుణం దాకా, 660 నుంచి 1000 నానోమీటర్ల వెలుగులో చూసింది. ఆ వెలుగు పొగమంచులో చెదిరేది తక్కువ. అయినా అనుకున్న దానికంటే పొగమంచు బాగా కిందిదాకా ఉంది. మొదటి ఫోటోలు తెరిస్తే ఏమీ లేదు, ఖాళీ బూడిద రంగు. నలభై కిలోమీటర్ల ఎత్తుకి వచ్చాక నేల మచ్చలు మచ్చలుగా తేలడం మొదలవుతుంది. ఫైళ్ళను వరసగా ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళండి. డార్క్‌రూమ్‌లో డెవలపర్ ట్రేలో పేపర్ మీద ముఖం మెల్లగా వచ్చినట్టే ఉంటుంది. నాకు గుండె ఝల్లుమంది.

ముందుగా బయటికి విడుదల చేసిన ఫోటో పదహారు కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసింది. ఒక్కో పిక్సెల్ నేల మీద నలభై మీటర్లు. తెల్లటి గుట్టల మధ్య నుంచి నల్లటి గీతలు పాయలు పాయలుగా వచ్చి, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, చదునుగా ఉన్న నల్లటి మైదానం వైపు వెళ్తున్నాయి. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి అవి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏరు పారిన జాడలు. పారింది నీళ్ళు మాత్రం కావు, ద్రవరూపంలో ఉన్న మీథేన్. మన గ్యాస్ పైపులైన్లలో వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం అదే. అంత చలిలో అక్కడ వానలా కురిసి ఏరులా పారుతుంది. ఒకే గుట్టని రెండు చోట్ల నుంచి తీసిన ఫోటోలను జత చేసి ఎత్తులు కూడా కట్టారు, వంద మీటర్లకు పైనే. నలభై వేల పిక్సెళ్ళతో ఇంత పని!

లోపాల దగ్గరికి వస్తాను. ఒకటి, తిరగడం. పెట్టె తనంతట తాను గుండ్రంగా తిరుగుతుంటే కెమెరా అన్ని దిక్కులూ తీసుకోవాలని ప్లాను. అందుకు అడుగున గాలికి తగిలేలా రెక్కలు పెట్టారు. కానీ దిగడం మొదలైన పది నిమిషాలకే అది అనుకున్న దిక్కుకి వ్యతిరేకంగా తిరగడం మొదలుపెట్టింది. బయటికి పొడుచుకు వచ్చిన పరికరాలకు గాలి తగలడం దీనికి కారణమని చాలా ఏళ్ళ తర్వాత గాలి సొరంగంలో నమూనా పెట్టి తేల్చారు. పైగా సూర్యుడు ఎటున్నాడో చూసి కెమెరాకి దిక్కు చెప్పాల్సిన సెన్సర్ మధ్యలో సూర్యుణ్ణి వదిలేసింది. దాంతో కొన్ని దిక్కులు రెండుసార్లు వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. ఏ ఫోటో ఎటు చూస్తున్నదో తర్వాత ఫోటోలను బట్టే కూర్చుని లెక్క కట్టాల్సి వచ్చింది.

రెండోది పెద్దది. హైగెన్స్ నుంచి కసీనికి ఛానళ్ళు రెండు, ఏ, బి. చాలా పరికరాలు ఒకే డేటాని రెండింట్లోనూ పంపాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుందని. ఫోటోలను మాత్రం చెరిసగం పంచారు, ఎక్కువ వస్తాయని. తీరా ఆ రోజు కసీనికి పంపిన ఆదేశాల జాబితాలో ఛానల్ ఏ రిసీవర్‌కి సంబంధించిన ఒక ఆదేశం లేదు. దాంతో ఆ ఛానల్‌లో ఏమీ రికార్డు కాలేదు. సుమారు 700 ఫోటోలు రావాల్సింది, సగమే వచ్చాయి. లెన్సులో తప్పు లేదు, సెన్సర్‌లో తప్పు లేదు. ఏడేళ్ళు ప్రయాణం చేసి, తనను మోసుకెళ్ళిన కసీని నుంచి విడిపోయాక ఇరవై రోజులు టైమర్ల మీద నిద్రపోయి, సరైన వేళకి లేచి పని చేసిన కెమెరాకి జరిగింది ఇది.

అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. బ్యాకప్‌ని బ్యాకప్‌గా వాడకుండా ఫోటోలెందుకు పంచారని కోపం కూడా వచ్చింది. తర్వాత నా అనుభవమే ఒకటి గుర్తొచ్చింది. 2011లో ఒక పెళ్ళికి నేనూ, నా దగ్గర పనిచేసే తమ్ముడూ రెండు కెమెరాలతో తీశాం. తెల్లారి చూస్తే అతని కార్డు తెరుచుకోలేదు. ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు. కానీ ఇద్దరం ప్రతి ఘట్టాన్నీ పంచుకుని తీయడం వల్ల జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ నా కార్డులో సగం సగం ఉన్నాయి. ఆల్బమ్ సన్నబడింది, ఖాళీలు మాత్రం లేవు. ఇక్కడా అంతే. రెండు ఛానళ్ళలోనూ ఒకే ఫోటోలు పంపి ఉంటే ఏ తప్పూ జరగకపోయినా వచ్చేవి ఆ మూడొందల యాభై చిల్లరే. పంచడం వల్ల ఏడొందలకి అవకాశం వచ్చింది. సగం పోయినా, పై నుంచి నేల దాకా దారి పొడవునా ఫోటోలు మిగిలాయి. కాబట్టి పంచినందుకు మార్కులు తగ్గించను. ఆదేశం మర్చిపోయిన దానికి తగ్గించాలి, అది కెమెరా తప్పు కాదు. గాలుల వేగం కొలిచే ప్రయోగం పూర్తిగా ఆ ఛానల్ ఏ మీదే ఆధారపడింది. ఆ సన్నటి సిగ్నల్‌ని అమెరికాలో గ్రీన్ బ్యాంక్, ఆస్ట్రేలియాలో పార్క్స్ లాంటి రేడియో టెలిస్కోపులు నేరుగా భూమ్మీద నుంచే పట్టుకుని దాన్ని కాపాడాయి.

అసలు ఛానల్ బి కూడా పోయేదే. కసీని బయల్దేరి మూడేళ్ళయ్యాక, 2000లో, యూరప్ అంతరిక్ష సంస్థ ఇంజినీర్ బోరిస్ స్మెడ్స్ పట్టుబట్టి ఒక పరీక్ష చేయించాడు. రెండు నౌకల మధ్య వేగంలో తేడా వల్ల సిగ్నల్ లయ కాస్త మారుతుంది కదా, ఆ మార్పుని కసీనిలోని రిసీవర్ అందుకోలేదని అందులో బయటపడింది. ఆకాశంలో ఉన్నదాన్ని విప్పి బాగు చేయలేరు. అందుకని కసీని దారినే మార్చేశారు, మరింత దూరం నుంచి వెళ్ళేలా, ఆ తేడా తగ్గేలా. పెళ్ళికి ముందు రోజు రాత్రి కూర్చుని ప్రతి బ్యాటరీ, ప్రతి కార్డూ చూసుకునే మనిషిని నేను బాగా గౌరవిస్తాను. స్మెడ్స్ అలాంటివాడు.

నేల మీది ఫోటో గురించి వేరేగా చెప్పాలి. సెకనుకు నాలుగున్నర, అయిదు మీటర్ల వేగంతో నేలకి తగిలి, చిన్న గుంట చేసి, పైకెగిరి, కాస్త జారి, నాలుగైదు ఊపులు ఊగి నిలబడింది. లెన్సు నేలకి సుమారు అరమీటరు ఎత్తులో ఉంది, మన మోకాలి దగ్గర. అక్కడ నుంచి ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ తీసి పంపింది. మధ్యలో ఉన్న రెండు రాళ్ళలో ఎడమది పదిహేను సెంటీమీటర్లు, రెండోది నాలుగు, కెమెరాకి సుమారు 85 సెంటీమీటర్ల దూరంలో. ఒకటి ఒలిచిన కొబ్బరికాయ కంటే కొంచెం పెద్దది, ఇంకోటి నిమ్మకాయ. అవి రాళ్ళలా గట్టిపడిన నీటి మంచు. నున్నగా ఉన్నాయంటే ఏదో ప్రవాహంలో దొర్లి వచ్చినట్టే.

ఆ ఫోటో నాకు నిద్ర పట్టనివ్వలేదు. కడియం నర్సరీకి వెళ్ళి తోట అలంకరణకి అమ్మే గులకరాళ్ళు ఐదు కిలోలు తెచ్చాను. స్టూడియో నేల మీద తడి ఇసుక పరిచి, వాటిని సర్ది, అరమీటరు ఎత్తులో కెమెరా పెట్టాను. పక్క నుంచి లైటు వేస్తే ప్రతి రాయి పక్కనా కత్తితో కోసినట్టు నల్లటి నీడ పడింది. ఆ ఫోటోలా రాలేదు. సాఫ్ట్‌బాక్స్ పెట్టినా రాలేదు. చివరికి పైన తెల్లటి పందిరి గుడ్డ అడ్డంగా కట్టి, లైటుని దాని మీదికి తిప్పి వేస్తే అప్పుడొచ్చింది. నీడ రాయి అడుగున మాత్రమే, మెత్తగా. అప్పుడు నాకు టైటాన్ ఆకాశం అర్థమైంది. అక్కడ సూర్యుడి వెలుగు ఒక వైపు నుంచి రాదు, ఆకాశమంతా పందిరి గుడ్డలా వెలుగుతుంది. ల్యాండర్‌కి ఇరవై వాట్ల దీపం ఒకటి ఉంది, దాన్ని నేల దగ్గరపడుతుండగా వెలిగించారు. అది ఫోటో కోసం కాదు, నేల ఏ పదార్థంతో ఉందో వర్ణపటం తీయడానికి.

రంగు గురించి జాగ్రత్త. కెమెరా తీసింది బ్లాక్ అండ్ వైట్, నారింజ రంగు అదే పరికరంలో వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ కొలతల నుంచి తర్వాత కలిపారు. ఊహించి వేసిన రంగు అని కొట్టిపారేయకండి, కొలిచి వేసింది. కాకపోతే ఆ రంగులో చాలా భాగం పైనుంచి వచ్చే వెలుతురిది, మన పెళ్ళిపందిట్లో పసుపు గుడ్డ కింద ముఖాలన్నీ పసుపుగా వచ్చినట్టు. నేను పెద్ద ప్రింట్ కోసం ఒక ల్యాబ్‌కి ఇస్తే, అక్కడి కుర్రాడు రంగు తేడా వచ్చిందనుకుని దిద్దేశాడు. బూడిద రంగు నేల, తెల్లటి ఆకాశం! మళ్ళీ "నో కరెక్షన్" అని రాసి ఇచ్చి వేయించుకున్నాను.

ఆ ప్రింట్ ఇంటికి తెస్తే మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎనభై రెండేళ్ళు ఆవిడకి. "ఏరా, ఏట్లో నీళ్ళు తీసినప్పుడు ఇలాగే కదరా ఉండేది, ఇదెక్కడ, పోలవరం అవతలా?" అంది. శనిగ్రహం చందమామ అమ్మా, అన్నాను. "అక్కడా ఏరుందా!" అని మళ్ళీ చూసింది. ఫోటో దగ్గర నేను కోరుకునేది ఇదే. ఏ అంకే చెప్పకుండానే ఆవిడకి ఏరు కనిపించింది.

2023 ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే స్టూడియోలో అందరం పని ఆపేసి టీవీ ముందు నిలబడ్డాం. మన చంద్రుడు సిగ్నల్‌కి సెకనుంబావు దూరం. హైగెన్స్ దిగింది నూట ఇరవై కోట్ల కిలోమీటర్ల అవతల. అంత దూరంలో ఇంకే నౌకా ఇప్పటిదాకా ఎక్కడా దిగలేదు. నేల తాకాక కసీని దిగంతం కిందికి వెళ్ళేదాకా డెబ్భై రెండు నిమిషాల పాటు డేటా అందింది. ఆ తర్వాతా అది పంపుతూనే ఉంది, వినేవాళ్ళే లేకపోయారు. డ్రాగన్‌ఫ్లై అనే నాసా డ్రోన్ 2028లో బయల్దేరి 2034లో టైటాన్ చేరాలన్నది ప్లాను. దాని కెమెరాలు వీటికంటే ఎంతో మెరుగ్గా ఉంటాయి. వాటికీ రివ్యూ రాస్తాను.

నా మార్కులు పదికి తొమ్మిది. ఆ ఒక్కటీ సూర్యుణ్ణి వదిలేసిన సెన్సర్‌కి తగ్గించాను.

ప్రింట్ వేయించుకోవాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. నేల మీది ఫోటోని ఎనిమిది బై పన్నెండు దాటించకండి, దాటితే కుదింపు వల్ల వచ్చిన చదరపు గళ్ళు రాళ్ళ మీద కనిపిస్తాయి. షార్ప్‌నెస్ పెంచకండి. గ్లాసీ వద్దు, మ్యాట్ పేపర్ మీద వేయించండి. ల్యాబ్‌లో ఫైలు ఇచ్చేటప్పుడు రంగు దిద్దొద్దని కవరు మీద పెద్ద అక్షరాలతో రాయండి.